కాజా గుర్తొచ్చే వేళ

మా పక్క ఫ్లాట్ బాబాయిగారు పోయిన నెల ఓ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. మణికొండలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ కబురు చూసి నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి మా ఇంటి బెల్ కొట్టిన మనిషి! డెబ్బై ఎనిమిదేళ్ల గుండె అలిసిపోయిందన్నారు. షుగర్ మాత్రం చివరిదాకా అదుపులోనే ఉంది. ఈ మాట వింటే మీసం మెలేసేవారు.

ఆయన మాకు చుట్టం కాదు. కాకినాడలో ప్రభుత్వోద్యోగం చేసి, రిటైరయ్యాక పిన్నిగారితో ఇక్కడికి వచ్చారు. తీపంటే ప్రాణం. అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. షుగర్ దిగితే తప్ప ఆపరేషన్ చేయనని డాక్టర్ తిప్పి పంపేశారు. పిన్నిగారు పేపర్ చదివి వినిపిస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

బెల్ కొట్టడం అప్పుడే మొదలైంది. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. తలుపు తీస్తే బాబాయిగారు.

"అమ్మాయ్, కాజా గుర్తొచ్చింది. ఓ పది నిమిషాలు ఏదైనా మాట్లాడు."

మాది కరీంనగర్. "ఏంది బాబాయిగారూ, మీటింగ్ ఉంది. ఇగ రోజూ గిట్లనేనా?" అన్నాను.

"నోరు కట్టేసుకోవడం నా వల్ల కాదమ్మా. దానికి వేరే పని చెప్పాలి."

తీపి తినాలనిపిస్తే నేను ఎవరికీ చెప్పకుండా డ్రాయర్ తెరిచి చాక్లెట్ నోట్లో వేసుకునేదాన్ని. ఆయన జలుబు చేసిందని చెప్పినంత మామూలుగా చెప్పేవారు. ఓసారి ఎవరిదో గృహప్రవేశంలో రెండు లడ్డూలు లాగించేసి, మర్నాడు యథాప్రకారం వచ్చారు. "నిన్న ఓడిపోయాను. ఇవాళ కాస్త ఎక్కువ మాట్లాడు" అన్నారు. అంతే, ఏడుపూ లేదు, ఒట్లూ లేవు. కొన్నాళ్లకు నేనే వాళ్ల బెల్ కొట్టసాగాను. డ్రాయర్లో ఇప్పుడు ఛార్జర్లున్నాయి.

షుగర్ దిగింది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆయన బాల్కనీలో నిలబడి, వీధిలోని బోర్డులన్నీ గొంతెత్తి చదివారు. "టిఫిన్ సెంటర్! లేడీస్ హాస్టల్! ట్యూషన్లు చెప్పబడును!" వీధి చివరి బోర్డు దగ్గర ఒక్క క్షణం ఆగారు. "స్వీట్ హౌస్! అమ్మాయ్, ఇంత దగ్గర్లో ఉందా ఇది!"

అపార్ట్‌మెంట్ అంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. పిన్నిగారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. నాకు ఆ రోజు పండగలా ఉంది.

కర్మకాండలన్నీ అయిపోయాయి. నిన్న నాలుగింటికి బెల్ మోగింది. తలుపు తీస్తే పిన్నిగారు.

"మీ బాబాయిగారికి కాజా గుర్తొచ్చే వేళయిందమ్మాయ్. ఓ పది నిమిషాలు మాట్లాడతావా?"

ఆవిడ చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లాను. ఆవిడే మొదలుపెట్టారు, మెల్లగా. "టిఫిన్ సెంటర్... లేడీస్ హాస్టల్..." వీధి చివరి బోర్డుకొచ్చేసరికి నేనూ గొంతు కలిపాను. "స్వీట్ హౌస్!" అని మేమిద్దరం అరిచిన అరుపుకి, కింద బండి మీద వెళ్తున్న అబ్బాయి ఆగి, తలెత్తి చూశాడు.