బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా ఆయనకు బజారులో రంగుల దుకాణం ఉంది. కోర్టుతోనో జైలుతోనో మా ఇంట్లో ఎవరికీ ఏనాడూ పని పడలేదు. అలాంటి నాకు రెండేళ్ల కిందట ఒక పిలుపు వచ్చింది. శిక్ష పడకుండానే ఏళ్ల తరబడి లోపల ఉండిపోతున్న విచారణ ఖైదీల సంగతి తేల్చి, రాష్ట్రంలో ఏం మార్చాలో చెప్పమని ఒక కమిటీ వేశారు. మా వైపు లెక్కలు సేకరించడానికి, సంబంధం ఉన్నవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఒక మనిషి కావాలన్నారు. మా ప్రిన్సిపాల్ నా పేరు చెప్పారు.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సగటులు, శాతాలు నేర్పుతున్నానే గానీ ఆ సగటుల్లో ఒక్క మనిషినైనా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు నా చదువు ఎవరికో పనికొస్తుందనుకున్నాను. చుట్టాల ఫంక్షన్లలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాను.

కమిటీ పంపిన కాగితాల్లో పేజీకి రెండుసార్లు ‘భాగస్వాములు’ అన్న మాట ఉండేది. వాళ్ల జాబితా కూడా పంపారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, లాయర్లు, జైలు సిబ్బంది, వర్తక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు. ఖైదీల ఇంటివాళ్లు అందులో లేరు. మా ప్రాంతాన్ని చూసే కమిటీ సభ్యుడు ఒక రిటైరైన అధికారి. ఆయనకు ఫోన్ చేసి, వాళ్లను కూడా పిలవొచ్చా అని అడిగాను.

“మంచి ఆలోచనమ్మా. ఒకరిద్దరిని పిలవండి, నిండుగా ఉంటుంది” అన్నారు.

నిండుగా ఉంటుందన్న మాట అప్పుడు నాకు తప్పుగా తోచలేదు. జాబితాలో ఒక వరుస నేనే చేర్పించానని మురిసిపోయాను.

ఆ వేసవి సెలవులంతా పొద్దున్నే నందిగామ బస్సెక్కి, సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. రెండు మూడు కోర్టుల రిజిస్టర్లు చూడటానికి అనుమతి ఇచ్చారు. కమిటీ ఇచ్చిన నమూనాను బట్టి ఫారం నేనే తయారుచేశాను. కేసు ఏమిటి, అరెస్టు ఎప్పుడు, బెయిలు అడిగారా, ఇచ్చారా, ఏ రోజున, కేసు చివరికి ఎలా ముగిసింది. కేసులో ఉన్న ఒక్కో మనిషికి ఒక్కో వరుస. రాసుకొచ్చినదాన్ని ఇంటికొచ్చి కంప్యూటరులో ఎక్కించేదాన్ని. వరుసలు పెరుగుతుంటే తృప్తిగా ఉండేది. చిన్న దొంగతనాల కేసుల్లో చాలావాటికి బెయిలు తొందరగానే దొరుకుతోందని నా షీటు చెప్పింది. పరిస్థితి అనుకున్నంత చెడ్డగా లేదని మా ఆయనతో కూడా అన్నాను.

ఒకరోజు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాను. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో, ఒకావిడ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు చిరిగిపోతున్న కాగితాలు. నన్ను కోర్టు ఉద్యోగి అనుకుంది.

“అమ్మగారూ, మా ఆయన పేరు ఆ కాగితాల్లో ఉందేమో చూస్తారాండీ?”

ఏ కేసని అడిగాను. వాళ్లది కంచికచర్ల దగ్గర చెవిటికల్లు. అతను ట్రాక్టరు డ్రైవరు. తెలిసినవాడొకడు ఇనుప చువ్వలు తోలాలని పిలిస్తే వెళ్లాడు. అవి ఒక వ్యాపారి గోడౌనులోంచి ఎత్తుకొచ్చిన చువ్వలు. దారిలోనే పట్టుకుని ఇద్దరినీ లోపలేశారు.

ఆ కేసు నేను రెండు రోజుల కిందటే ఎక్కించాను. ఫోనులో షీటు తెరిచి చూపించాను. “మీ ఆయనకు బెయిలు వచ్చిందమ్మా. ఇద్దరికీ ఒకేరోజు ఇచ్చారు.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. “బెయిలు వచ్చిందండీ. మనిషి రాలేదు.”

నాకు అర్థం కాలేదు. ఆవిడే విడమరిచి చెప్పింది. బెయిలు ఇచ్చిన జడ్జిగారు ఇద్దరు జామీనుదారుల్ని తెమ్మన్నారు. సొంత ఇల్లో పొలమో ఉన్నవాళ్లు, ఆ కాగితాలు పట్టుకొచ్చి, ఇతను వాయిదాలకు వస్తాడని పూచీపడి సంతకం పెట్టాలి. రెండోవాడికి మేనమామలున్నారు, వారంలో వాడు బయటికొచ్చాడు. వీళ్లది కౌలు బతుకు. ఉన్న ఇల్లు పోరంబోకులో ఉంది, దానికి పట్టా లేదు.

“అన్న కాళ్లు పట్టుకున్నానండీ. పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయన్నాడు. ఆయన పనిచేసిన రైతు, దొంగతనం కేసుకి నేను రానన్నాడు. ఇది ఏడో నెల.”

ఏడు నెలలు! ఇంటికొచ్చి ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూశాను. కేసు ఒకటే, అరెస్టు తేదీ ఒకటే, బెయిలు తేదీ ఒకటే. వారంలో ఇంటికెళ్లినవాడూ ఏడు నెలలుగా లోపలున్నవాడూ నా షీటులో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నారు. మనిషి జైలు గేటు దాటి ఎప్పుడు బయటికి వచ్చాడో రాసే గడి నా ఫారంలో లేదు. కమిటీ నమూనాలోనూ లేదు. అది లేదని నాకు తట్టనైనా తట్టలేదు. సెలవులన్నీ ఖర్చుపెట్టి, వరుస తర్వాత వరుస, ఇలాంటివాళ్లను నా చేతులతో నేనే మాయం చేశాను.

తర్వాతి వారం ఆవిడను మళ్లీ కలిసి, మీటింగుకు వచ్చి ఇదంతా చెప్పమని అడిగాను. వస్తానంది. వెంటనే, “మీరు జామీను ఉంటారాండీ?” అని నేరుగా అడిగింది. “మీకు ఇల్లుంటుంది కదా. రెండో మనిషిని నేను ఎట్టోకట్ట తెచ్చుకుంటా.”

ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

మా ఆయన అన్నం తింటున్నవాడల్లా ఆగిపోయాడు. “నీకేమైనా మతి పోయిందా? రేపు వాడు వాయిదాకి రాకపోతే నోటీసు మనింటికొస్తుంది. ముక్కూ మొహం తెలియనోడికి ఇంటి కాగితాలు పెడతావా?”

“మనిషి మంచివాడిలాగే ఉన్నాడండి.”

“నువ్వు చూశావా వాణ్ని?”

చూడలేదు. అతని పెళ్లాన్ని చూశాను, అంతే. ఇల్లు నా పేరు మీదే ఉంది. నేను పట్టుబట్టి ఉంటే ఆయన రెండు రోజులు అలిగి ఊరుకునేవాడు. నేను పట్టుబట్టలేదు. ఆవిడకు ఫోన్ చేసి, లెక్కలు సేకరించేవాళ్లు ఎవరి పక్షానా ఉండకూడదని, అది పద్ధతి కాదని చెప్పాను. అలాంటి నియమం ఏ కాగితంలోనూ లేదు. అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఆవిడ, “సరేనండి, మీ ఇబ్బంది మీది” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా బాగుండేది.

మీటింగు నందిగామలో, ఒక కల్యాణ మండపం మేడమీద పెట్టాం. ఏసీ గది. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగారు. ఆవిడ మొదటి బస్సుకు వచ్చి పదింటికే కూర్చుంది. రిటైరైన అధికారి ముందు ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత పోలీసులు సిబ్బంది చాలడం లేదన్నారు. లాయర్లు కోర్టులు చాలడం లేదన్నారు. వర్తకుల తరఫున వచ్చిన ఒక ఇనుము వ్యాపారి లేచి, దొంగలకు బెయిలు ఇంత తేలిగ్గా ఇస్తే దుకాణాలు నడిపేదెలా అన్నాడు. చప్పట్లు కొట్టారు. భోజనాల వేళ దగ్గర పడుతుండగా ఆవిడకు మైకు ఇచ్చారు.

ఆవిడ మైకు నోటికి దూరంగా పట్టుకుంది. “మా ఆయనకు బెయిలు ఇచ్చి ఎనిమిది నెలలవుతుందండీ. ఇచ్చారు గానీ వదల్లేదు. తప్పు చేసినోడు ఇంటికాడున్నాడు, బండి తోలినోడు లోపలున్నాడు. ఆస్తి లేనోళ్లకి ఇచ్చే బెయిలు వేరే ఏమన్నా ఉంటే అది ఇప్పించండి.”

అధికారి మర్యాదగా నవ్వారు. “మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఇది మీ ఒక్కరి సమస్య. మనం రాష్ట్రం మొత్తం గురించి మాట్లాడుకుంటున్నాం. డేటా చూస్తే బెయిళ్లు బాగానే ఇస్తున్నారు.” నా వైపు తిరిగి, “ఏమ్మా, మీ లెక్కల్లో అంతేగా?” అన్నారు.

అందరూ నన్ను చూశారు. “అంతేనండి. అయితే ఒక గడి...” అని మొదలుపెట్టాను. “అవి తర్వాత మాట్లాడుకుందాం, భోజనాలు చల్లారిపోతాయి” అన్నారు. నేను కూర్చున్నాను. ఆవిడ మైకు ఎవరికివ్వాలో తెలియక కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది. భోజనానికి కూడా ఉండలేదు.

చేతులు కడుక్కుంటుంటే ఇనుము వ్యాపారి పక్కకు వచ్చాడు.

“చెల్లెమ్మా, ఆవిడ చెప్పింది మా గోడౌను కేసులా ఉందే. ట్రాక్టరు డ్రైవరేనా?”

“అవునండి. మీ కేసే.”

“ఇంకా లోపలే ఉన్నాడా!” నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మా సరుకు మాకు అప్పుడే వచ్చేసిందిగా. నేనా సంగతే మర్చిపోయా.”

అతను చెడ్డవాడు కాడు. ఆ మధ్యాహ్నమంతా నాకు అదే మింగుడుపడలేదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఒక మనిషి తన మూలంగా జైల్లో ఉన్నాడన్నది, షాపులో పాత బోర్డు తీసేసిన సంగతిలా మర్చిపోయాడు. కేసు రాజీ చేసుకోవచ్చని లాయర్లు చెబుతుంటారు, మీరొచ్చి సంతకం పెడితే చాలట అన్నాను. “ఓ, తప్పకుండా వస్తా” అన్నాడు. రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా సీజన్ అనో, పెళ్లి అనో, వచ్చే లోక్ అదాలత్‌కు చూద్దామనో అనేవాడు. చివరికి ఒక లోక్ అదాలత్‌కు వచ్చి, రెండు నిమిషాల్లో సంతకం చేసి వెళ్లాడు. ఆ సాయంత్రమే డ్రైవరు బయటికొచ్చాడు. పదకొండో నెల నడుస్తోంది.

ఈలోగా నేను చేయగలిగిందేదో చేశాను. జైలు రిజిస్టరు అడిగి, విడుదల తేదీలు ఎక్కించాను. అతనొక్కడే కాదు. బెయిలు వచ్చాక కూడా వారాలు, నెలలు లోపలున్నవాళ్లు వరుసగా తేలారు. ఎర్ర రంగు వేసి, అధికారికి పంపాను.

ఆయన ఫోన్ చేశారు. “చాలా కష్టపడ్డారమ్మా. కానీ మిగతా జిల్లాల్లో ఈ కాలమ్ లేదు. మీ ఒక్కచోటే పెడితే టేబుల్ కుదరదు.”

“మిగతావాళ్లను కూడా అడగొచ్చు కదండీ?”

“కొత్త కాలమ్ చేర్చే గడువు అయిపోయింది. తర్వాతి దశలో చూద్దాం.”

తర్వాతి దశ లేదని ఆయన గొంతులోనే తెలిసింది. రాజీనామా చేస్తానని, పేపర్లకు రాస్తానని మనసులో చాలా అనుకున్నాను. ఏదీ చేయలేదు. కాలేజీ తెరిచారు, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండిపోయాను.

పుస్తకం అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల పటాలు. బెయిలు మంజూరైన కేసుల పట్టికలో ఆ డ్రైవరున్నాడు. రాజీతో త్వరగా పరిష్కారమైన కేసుల పట్టికలో కూడా అతనున్నాడు. పదకొండు నెలలు ఊరికే జైల్లో కూర్చున్నవాడు కమిటీ చెప్పుకున్న రెండు విజయాల్లోనూ ఒక అంకెగా నిలబడ్డాడు. సహకరించినవారి పేర్లలో నా పేరు మూడోది. వెనక వైపు పేజీలో, మైకు పట్టుకున్న ఆవిడ ఫొటో వేశారు. కింద ‘భాగస్వాముల అభిప్రాయ సేకరణ’ అని ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని చెవిటికల్లు వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. క్షమాపణ అడగాలనే అనుకున్నాను. ఇంటి ముందు పట్టా పరిచి మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అతను ఒక మూల కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. నేను పలకరిస్తే తల ఎత్తి చూసి, మళ్లీ వంచుకున్నాడు.

“ఎవరితోనూ మాట్లాడడండీ” అంది ఆవిడ. “ట్రాక్టరు ఎవరూ ఇవ్వట్లా. దొంగతనం కేసులో ఉన్నోడంటున్నారు. రాజీ అయిందని చెప్పినా, ఒప్పుకుంటేనే కదా రాజీ అంటున్నారు.”

నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చింది. నేను పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. చెంగుతో చేతులు తుడుచుకుని తీసుకుంది. తన ఫొటోను కాసేపు చూసుకుంది. ఆవిడకు చదువు రాదు. ఫొటో కింది అక్షరాల మీద వేలు పెట్టింది.

“నేను ఆరోజు చెప్పింది ఇదేనాండీ?”

“కాదమ్మా.”

“మరి అది ఎక్కడుంది?”

“లేదు. రాయలేదు.”

ఆవిడ పుస్తకం మూసి నాకిచ్చేసింది. కోపంగా ఇవ్వలేదు, విసురుగా ఇవ్వలేదు. “అయితే నా ఫొటో ఎందుకేశారు?” అంది.

నేను క్షమాపణ అడక్కుండానే పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ, కంచికచర్ల ఆటో ఇప్పుడు వెళ్లిపోతుందని, అది తప్పితే మళ్లీ గంటసేపు ఏమీ ఉండదని చెప్పి, వెళ్లి భర్త పక్కన కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టింది.