పల్లవి వస్తే ఆగాలి

మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో ముప్పయ్యేళ్ళు కాఫీ బస్తాలు మోసిన నిసెఫొరోకి పెద్దపేగులో కాన్సర్ అని తేలి అయిదు నెలలైంది. మూడోసారి కీమో ఎక్కించాక డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మంచం పట్టారంటే మీ ఒళ్ళు ఈ మందు తట్టుకోదు. రోజూ కదలండి. మూడు వారాల్లో ఆ గేటు నుంచి ఈ వార్డు దాకా మీ కాళ్ళమీద మీరొస్తేనే తర్వాతి కీమో. లేదంటే ఆపేస్తాను."

నడవమంది సరే, ఎక్కడ నడవాలి? మహమ్మారి వచ్చి సముద్రపు గట్టుకి అడ్డంగా తాళ్ళు కట్టేశారు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆమెతో దన్సోన్ అనే జంటనాట్యం ఆడిన కూడలిలో ఇప్పుడు పావురాలే తిరుగుతున్నాయి. మిగిలింది తనుండే పది వాటాల లోగిలి. అందులోనే చుట్లు మొదలుపెట్టాడు. నాలుగో చుట్టుకి కాళ్ళు వణికేవి. ఆగితే ఓడిపోయినట్టేనని ఆగేవాడు కాదు. ఒకనాడు గోడ పట్టుకుని అలాగే జారి కూలబడ్డాడు. ఆ తర్వాత రెండు రోజులు తలుపు తీయలేదు.

మూడోనాడు సాయంత్రం ఎదురువాటా కసిల్డా, చనిపోయిన భార్యకి ప్రాణస్నేహితురాలు, తన గుమ్మంలో నిలబడి, ఆ ఊరి కాఫీ హోటళ్ళలో పాలు పొయ్యమని పిలిచినట్టు గాజుగ్లాసు మీద చెంచాతో టంగుటంగుమనిపించింది.

"ఏవయ్యోయ్, బయటికి రా! పాట పెడుతున్నాను."

"జోడీ ఏదీ వదినా? మనిద్దరం దగ్గరకొస్తే పోలీసులొస్తారు."

"నీ గుమ్మంలో నువ్వు, నా గుమ్మంలో నేను. దన్సోన్‌కి ఒక్క ఇటుక మేర చోటు చాలని కోతలు కోసేవాడివిగా, ఆ ఇటుకేదో చూపించు."

మాస్కు తగిలించుకుని వచ్చాడు. చేతుల మధ్య ఎవరూ లేకపోయినా పాదాలు మరిచిపోలేదు. పల్లవి వచ్చింది. అతను ఆగలేదు.

"ఆగవయ్యా! పల్లవొచ్చాక కూడా ఆడుతున్నావు, రాజధాని నుంచి దిగిన టూరిస్టులా! మీ ఆవిడ చూసుంటే సిగ్గుతో చచ్చేది."

"ఆగితే మళ్ళీ కదల్లేనేమోనని భయం వదినా."

"నలభై ఏళ్ళు ఆగి ఆగి ఆడావు. ఏనాడైనా కదలకుండా ఉండిపోయావా?"

దేశాలు తిరిగినవాళ్ళు సొమ్మసిల్లి పడిపోయేదాకా ఆడే ఆటలు చూసి ఉంటారు. దన్సోన్ తీరు వేరు. పల్లవి వచ్చిన ప్రతిసారీ అందరూ ఆగి వాయిద్యగాళ్ళ వైపు తిరుగుతారు. ఆడవాళ్ళు విసనకర్రలు విప్పుతారు, మగవాళ్ళు నుదురు తుడుచుకుంటారు. అలసిపోయారని ఎవరూ అనరు. ఉక్కపోసే ఊళ్ళో పుట్టిన మర్యాద అది. చలిదేశాల తత్వవేత్తలకి తట్టకపోయిందంటే వాళ్ళ తప్పు లేదు.

నిసెఫొరో జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. పల్లవి అయిపోయింది. పాదం కదిలింది.

ఆ రోజు ఒక్క పాట. వారం తిరిగేసరికి రెండు. డాక్టరమ్మ పెట్టిన గడువు దగ్గరపడేసరికి నాలుగు పాటలు, మిగతా గుమ్మాల్లోనూ జనం.

ఆసుపత్రి గేటు దాటి ఇరవై అడుగులు వేశాక నిసెఫొరో ఆగి, రోడ్డు వైపు తిరిగి జేబురుమాలు తీశాడు. ఒక నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కండి తాతా, ఓపికైపోయింది మీకు."

"ఓపికైపోలేదమ్మాయ్. పల్లవి నడుస్తోంది."

ఆ ఊరి పిల్లే. కుర్చీ పక్కకి నెట్టి, తనూ రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

ఇంకో మూడు పల్లవులయ్యాక వార్డు గుమ్మం వచ్చింది.

"ఇరవై నిమిషాలు ఆలస్యం," అంటూనే డాక్టరమ్మ మందు సిద్ధం చేయమంది.

"వాయిద్యగాళ్ళు నెమ్మదిగా వాయించారమ్మా," అని నిసెఫొరో చొక్కా చెయ్యి పైకి మడిచాడు.