అరువుకు వెళ్లిన జడ్డిగం

అక్టోబరు, మొదటి శనివారం, జహీరాబాద్. హాజరైనవారు: బడి పెద్ద మేడం, ఇద్దరు సోషల్ టీచర్లు, అదే బడిలో పాఠాలు చెప్పే మా కోడలు, హైదరాబాదు నుంచి వచ్చిన మ్యూజియం అమ్మాయి, నేను.

ఏ సమావేశానికి వెళ్లినా డైరీలో ముందు తేదీ, దాని కింద హాజరైనవారు రాసుకోవడం ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పట్టిన అలవాటు. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు మిగిలింది. అయితే ఆ రోజు ఆ రెండు వరుసల తర్వాత ఏం రాయాలో తోచక పేజీ అలాగే వదిలేశాను.

మ్యూజియాన్ని బడులకూ ఊళ్లకూ తీసుకువెళ్లే కార్యక్రమం ఒకటి పెట్టాలని వాళ్ల ఆలోచన. ఒకప్పుడు పట్నంలోని మ్యూజియంలో నేను చేసిన పని అదే గనుక, ఏదో సలహా చెబుతానని మా కోడలు నన్నూ కూర్చోబెట్టింది. మ్యూజియం అమ్మాయి ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, ఇకమీదట ఎవరి వస్తువూ మేము తీసుకోము, ఫోటో తీసుకుంటాము, ఆ ఇంటివాళ్ల మాటలు రికార్డు చేసుకుంటాము, వస్తువు ఉన్నచోటే ఉంటుంది, ఆ ఇల్లే మ్యూజియం అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను గానీ నాకు అంతుపట్టలేదు. వస్తువు లేకుండా మ్యూజియం ఏమిటి, ఇల్లే మ్యూజియమైతే అందులో కాపురం చేసేవాళ్లు ఎవరవుతారు అని అక్కడే చిక్కుపడిపోయాను. పైగా ఇల్లే మ్యూజియం అన్న మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. వానకు తడిసిన రోడ్డు మీద నడిచి ఇల్లు చేరబోతుండగా గుర్తొచ్చింది. అది నేను విన్న మాట కాదు, నా చేత్తో నేను రాసిన మాట.

మ్యూజియంలో కొత్తగా చేరిన రోజులవి. మా పెద్దసారు ఎక్కడినుంచో ఒక పాత వ్యాను సంపాదించి, అందులో నాలుగు బొమ్మలూ పటాలూ పెట్టి, మొగుడంపల్లి దిక్కున ఒక ఊరి బడికి నన్ను పంపారు. పిల్లలకు మనం చూపించడమే కాదు, ఊరివాళ్ల పాత వస్తువులు కూడా చూద్దామని, ముందురోజు మైకు కట్టి, ఇళ్లలోని పాత సామాన్లు పట్టుకుని బడి దగ్గరికి రమ్మని చెప్పించాము. పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే బండివాడు కూడా ప్రతి వారమూ సరిగ్గా ఆ మాటలే అరుస్తాడని మాకు తట్టలేదు. మేము వ్యాను దిగేసరికి బడి ముందు చిల్లుపడిన బిందెలు, వంగిపోయిన సైకిలు చక్రాలు, తెగిన చెప్పులు కుప్పపడి ఉన్నాయి.

"ఉల్లిగడ్డలేవి సారూ?" అంది ముందు నిలబడిన ఆడమనిషి.

ఉల్లిగడ్డలు లేవమ్మా, ఇవి చూడడానికే అన్నాను.

"చూడనీకి మా బొక్కబిందెనే దొరికిందా? మీ పట్నంల బిందెలు లెవ్వా?"

ఊరంతా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఎవరి సామాను వాళ్లు ఎత్తుకుని వెళ్లిపోయాక ఒక ముసలమ్మ మాత్రం మిగిలింది. బడి పంతులు ప్రత్యేకంగా అడిగితే ఆమె తన జడ్డిగం తెచ్చింది. విత్తనాలు వేసే గొర్రుకు పైన బిగించే కొయ్యగిన్నె అది. వెనక నడిచే మనిషి పిడికిలితో గింజలు వదులుతుంటే, దాని అడుగున ఉన్న రంధ్రాల్లోంచి వెదురుగొట్టాల గుండా సాళ్లలోకి జారతాయి. ఏళ్ల తరబడి చేతులు తగిలి నల్లగా నిగనిగలాడుతోంది. పట్నం పిల్లలు కూడా చూస్తారని నేనంటే, నాలుగు దినాల్లో ఇచ్చేయాలని గట్టిగా చెప్పి ఇచ్చింది.

మా పెద్దసారుకు అది ఎంతగా నచ్చిందంటే, మర్నాటికే తెల్లరంగుతో దాని మీద నంబరు వేయించి అద్దాల బీరువాలో పెట్టించారు. ఆ నాలుగు దినాల్లోనే వాన పడింది. వానపడ్డ మూడోరోజు ముసలమ్మ కోడలిని వెంటబెట్టుకుని తొలిబస్సుకు పట్నం వచ్చి, ఆ బీరువా ముందు నేల మీద కూర్చుంది.

"జర తెరువు కొడకా. నేల పదునుమీదున్నది. ఇయ్యాల రేపు ఇత్తకుంటే జొన్న మొల్వది, ఏడాదంత ఏం తింటం?"

పెద్దసారు తలపట్టుకున్నారు. నంబరు పడిన వస్తువు సర్కారుదైనట్టే, గడప దాటడానికి వీల్లేదని నచ్చజెప్పబోయారు. ఆమె ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మా ఎద్దు చెవుకు పశువుల దవాఖానోళ్లు నంబరు కొట్టిన్రు. అయితే ఎద్దు దవాఖానదైతదా సారూ?"

పెద్దసారు నా వంక చూశారు, నేను బీరువా వంక చూశాను. ఆమె మాటా సరిగ్గానే ఉంది, ఆయన మాటా సరిగ్గానే ఉంది. చివరికి నాకు తోచిందేమిటంటే, ఒక మ్యూజియం ఇంకో మ్యూజియానికి వస్తువు అరువివ్వవచ్చు, దానికొక కాగితం ఉంటుంది. తీసుకునే మ్యూజియం పేరు అన్నచోట ఆ ముసలమ్మ ఇల్లూ ఊరూ రాశాను. పెద్దసారు చదివి సంతకం పెట్టారు.

ఎన్ని దినాలకని ఆమె అడిగితే, మేము అడిగేదాకా అన్నాను.

"యాది పెట్టుకో పిల్లా. సారోళ్లు అడిగిననాడు ఇయ్యాలె" అని కోడలికి చెప్పి, జడ్డిగాన్ని తువ్వాలలో మూటగట్టుకుని వెళ్లిపోయింది. మేము మళ్లీ అడగలేదు. అది మాదో ఆమెదో పెద్దసారు ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా మాకు తేలలేదు.

బడిలో సమావేశమైన మరునాడు పొద్దున మ్యూజియం అమ్మాయి ఒక ఊరు చూద్దామంటే, బడి వ్యానులో ఆ జడ్డిగం ఊరికే తీసుకువెళ్లాను. ముసలమ్మ ఎన్నడో పోయింది. ఆనాటి కోడలికే ఇప్పుడు తల నెరిసింది. నన్ను చూసి కాసేపు ఆగి గుర్తుపట్టి, లోపలికి వెళ్లి అటక మీది నుంచి జడ్డిగం దింపి, కొంగుతో తుడిచి నా చేతుల్లో పెట్టింది.

"గిన్నేండ్లకు అడగనీకి వచ్చిన్రా? మా అత్త పోయేముందు గూడ గిదే చెప్పింది. నాకు దినాం గిదే ఫికరుండె."

అడగడానికి రాలేదన్నాను, ఆమె వినిపించుకోలేదు. అమ్మాయి, వద్దమ్మా, ఇది మీ ఇంట్లోనే ఉండాలి, మాకు ఫోటో చాలు అంది.

"ఫోటో దీస్కో బిడ్డా, సామాను గూడ తీస్కపో. ఎద్దులే లెవ్వు, గిదేం జేసుకోను? ఒకల సొమ్ము ఇంకెన్నేండ్లు కాయాలె?"

వ్యానులో జడ్డిగాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెల్లరంగు అంకెల్లో ఒక్కటే మిగిలింది, తక్కినవి ఆ ఇంటివాళ్ల చేతులకు అరిగిపోయాయి. యజమాని అన్నచోట ఎవరి పేరు రాయమంటారు సార్ అని అమ్మాయి ఫోనులో వివరాలు నింపుతూ అడిగింది. ఆనాడు అద్దం ముందు కూర్చుని తీసుకువెళ్లిన మనిషి లేదు, ఇవ్వనన్న పెద్దసారూ లేరు, ఇప్పుడు మ్యూజియం వద్దంటుంది, ఇల్లు తీసుకుపొమ్మంటుంది, పుచ్చుకునే హోదా లేని నేను పుచ్చుకుని వస్తున్నాను. ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయమ్మా అన్నాను. రోడ్డు పక్క చేలో ట్రాక్టరు ఒకటి ఒక్క ఊపున నాలుగైదు సాళ్లు విత్తుకుంటూ పోతోంది, దాని వెనక నడిచే మనిషి ఎవరూ లేరు. కిటికీలోంచి పదునెక్కిన మట్టి వాసన వస్తోంది. నా ఒళ్లో గిన్నె ఖాళీగా ఉంది.