గడ్డం మొక్కు

మంగలి సెబోవా గడ్డం గీస్తుంటే కూర్చున్నవాడికి కునుకు పడుతుందని కట్వే ఊళ్ళో పేరు. అటువంటివాడు కత్తిని గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. ఇంగ్లీషు గవర్నరు కబాకాను, అంటే ఉగాండాలోని బుగాండా రాజును, విమానమెక్కించి ఇంగ్లండు సీమకు పంపేశాడు. ఆయన తిరిగొచ్చేదాకా గడ్డం తీసేది లేదని ఊళ్ళో మగాళ్ళంతా మొక్కుకున్నారు. మంగలికి అది పస్తుల మొక్కు. అయినా సెబోవా వెనక్కి తగ్గలేదు. ఇటుక బట్టీలో మట్టి తొక్కి పిల్లల్ని సాకాడు.

అతని తమ్ముడు కలిబ్బాల దొరల కచేరీలో గుమాస్తా. భార్య నకిట్టో, ఒక్కగానొక్క కూతురు నబ్బోసా. కలిబ్బాల కూడా గడ్డం పెంచాడు. దొర కొన్నాళ్ళు చూసి, సోమవారానికి నున్నగా రాకపోతే ఇక రావద్దన్నాడు.

ఆదివారం సాయంత్రం మొగుడూ పెళ్ళాం సెబోవా ఇంటికి వెళ్ళారు.

"గీసెయ్యన్నా. రోగమొచ్చి ఊడిందని చెప్పుకుంటాను."

"గడ్డం ఊడే రోగం ఈ కొండల్లో ఎవడికీ రాలేదురా."

"పిల్లదానికి ఏం పెట్టమంటావ్?"

"నేను పెట్టట్లేదా నా పిల్లలకి? రా, నాతోపాటు మట్టి తొక్కు."

నకిట్టో మోకాళ్ళ మీద కూర్చుంది. "బావగారూ, రాజుగారికి సీమలో వేళకి తిండి దొరుకుతోంది. దొరకంది మనకే."

"నోరు జాగ్రత్తమ్మా. ఆయన మనందరికీ తండ్రి" అని సెబోవా లోపలికి వెళ్ళిపోయాడు.

కలిబ్బాల ఇంటికొచ్చి, తుప్పు పట్టిన బ్లేడు ఒకటి వెతికి, అద్దం ముక్కలో చూసుకుంటూ తనే గీసుకున్నాడు. దవడ కింద తెగింది. పది రోజులు తిరక్కుండానే నోరు బిగుసుకుపోయింది, ఒళ్ళు విల్లులా వంగింది. ధనుర్వాతమన్నారు. ఆచారం ప్రకారం చెట్టుబెరడుతో చేసిన గుడ్డలో చుట్టి పూడ్చారు. గొయ్యి దగ్గర ఎవడో "మొక్కు తప్పితే ఊరికే పోతుందా" అని గొణిగాడు. సెబోవా విని ఊరుకున్నాడు. అతను ఊరుకోవడం నకిట్టో చూసింది.

మరో ఏడాదికి రాజు తిరిగొచ్చాడు. కట్వే నిండా డోళ్ళ మోత. సెబోవా కత్తి నూరుకుని, పొద్దున్నుంచి చీకటి పడేదాకా గడ్డాలు గీస్తూనే ఉన్నాడు. నకిట్టో తలుపేసుకుని చాప అల్లుకుంది. ఆ చాపలే ఇప్పుడామెకు తిండి. "పంపిన దొరా ఒకటే, వెళ్ళొచ్చిన రాజూ ఒకటే. మధ్యలో పోయింది మీ నాన్న" అనేది కూతురితో. బావగారు ఎదురైతే దారి మార్చేది.

దొరలు వెళ్ళిపోయారు. స్వరాజ్యం వచ్చిన నాలుగో ఏట ప్రధానమంత్రి పంపిన మన సైన్యమే మెంగో కొండ మీది రాజుగారి కోట మీద పడింది. ఒకపక్క తుపాకులు, ఒకపక్క హోరున వాన. రాజును కాపాడుకుంటామని కర్రలు పట్టుకుపోయినవాళ్ళలో సెబోవా ఉన్నాడు. తొడలో గుండు దిగి, పాక్కుంటూ వచ్చి నకిట్టో తలుపు కొట్టాడు. కొండ దిగితే మొదటి ఇల్లు అదే.

ఆమె తలుపు తీసింది.

"రాజుగారు గోడ దూకి..."

"ఆ సంగతి నాకొద్దు. లోపలికి రా."

చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పేసరికి వెనకే సిపాయిలొచ్చారు. "ఎవడీ ముసలాడు?"

"మా ఆయన. జ్వరం."

వాళ్ళు దుప్పటి ఎత్తి చూడలేదు. వాళ్ళు వెళ్ళాక తల్లి పెరట్లోకి పోయి రెండుసార్లు నోరు పుక్కిలించడం నబ్బోసా చూసింది.

సెబోవా కుంటివాడై బతికాడు. మూడేళ్ళకు, గోడ దూకి మళ్ళీ సీమ చేరిన రాజు అక్కడే పోయాడని కబురొచ్చింది. పైకి ఏడిస్తే సిపాయిలు పట్టుకుపోతారని కట్వే తలుపులేసుకుని ఏడ్చింది. నకిట్టో మటోకే అరటికాయలు ఉడకబెట్టి, ముద్ద చేసి, ఆకులో కట్టింది.

"పెదనాన్నకిచ్చి రా."

"రాజుగారు పోయారనా అమ్మా?"

"రాజెవరే నాకు? ఆ ముసలాడు పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండడు."

నబ్బోసా వెళ్ళేసరికి సెబోవా దీపం పెట్టుకోకుండా కూర్చునున్నాడు. మూట విప్పాడు గానీ తినలేదు.

"మీ నాన్న గడ్డం నేను గీయనన్న మాట మీ అమ్మేమైనా ఎత్తిందా?" అని అడిగాడు.

ఎత్తలేదని చెప్పింది.