మూడో సుక్రి

వ్యవసాయ రాజకీయాల చరిత్ర, పని కోసం ఊళ్లు దాటే మనుషుల చరిత్ర: పాతికేళ్లుగా నా ఉద్యోగం ఇదే. ఛత్తీస్‌గఢ్ నుంచి జగ్గయ్యపేట మిరప కోతలకు ఏటా అదే మనుషులు తిరిగొస్తారని పుస్తకం రాశాను. రుజువు, కూలీలను తెచ్చే మేస్త్రి హాజరు పుస్తకాలు, ఇరవై ఏళ్లూ అవే పేర్లు. మలిముద్రణకు ముందు ఆ కూలీల్లో ఒకరైన సుక్రిని చూడాలనిపించింది. పదకొండేళ్ల కిందట ఆమెతో మాట్లాడి ఫోటో తీశాను. తెచ్చిస్తానన్నాను, ఇవ్వనేలేదు. ఈసారి ఆ ఫోటో, పేర్ల జాబితా సంచిలో పెట్టుకున్నాను.

ఉదయం ఆరింటికి విజయవాడలో బస్సెక్కాను. పరిటాల హనుమంతుడికి కిటికీలోంచే దండం పెట్టుకుని, నందిగామలో దిగి ఇడ్లీ తిని, మరో బస్సులో తొమ్మిదింటికి చిల్లకల్లు చేరాను. అక్కణ్ణుంచి చేలకు ఆటో, రానూపోనూ నాలుగు వందలు.

"కోతలోళ్లతో మీకేం పనండీ?" అన్నాడు డ్రైవరు.

"పుస్తకం రాస్తున్నా."

"మిరపకాయల మీదా!" అని నవ్వాడు.

చేలో నలభై మంది ఆడవాళ్లు వంగి కోస్తున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఆకు కదలటం లేదు, ఘాటుకు నా గొంతు పట్టేసింది. గట్టు మీద మేస్త్రి హాజరు పిలుస్తున్నాడు. "ఉంగీ." "ఆ." "సుక్రీ." "ఆ."

హమ్మయ్య, ఉంది! తల తిప్పి చూస్తే, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల.

"పాత సుక్రి ఏదండీ?" అన్నాను.

"ఆవిడ చనిపోయి ఎనిమిదేళ్లండీ," అన్నాడు మేస్త్రి. "ఒకళ్లు పోతే ఆ పేరు మీదే ఇంకోళ్లని పెట్టుకుంటాం. ఏటా కొత్త పేర్లంటే నోరు తిరగొద్దూ? ఈ పిల్ల మూడో సుక్రి."

"మరి పాత ఉంగి?"

"ఆవిడా పోయిందండీ. మా దగ్గర ఎవరూ గైర్హాజరు కారు."

ఆయన మళ్లీ పుస్తకం తెరిచాడు. నా జాబితాలోని పేర్లన్నీ ఒక్కొక్కటే పలికాయి. ఆ ఎండలో నాకు చలేసింది. సిగ్గూ వేసింది.

ఫోటో ఆ పిల్లకే ఇచ్చాను. "మీ అమ్మ పెట్టిన పేరేంటమ్మా?" అని అడిగాను. మేస్త్రి వైపు చూసి, నా చెవిలో చెప్పింది. పెన్ను తీయగానే చెయ్యి పట్టుకుంది.

"రాయొద్దు. రాస్తే అదీ ఇక్కడే ఉండిపోద్ది."

తిరుగు బస్సులోంచే ప్రచురణకర్తకు ఫోన్ చేసి ముద్రణ ఆపమన్నాను. ఏటా తిరిగొచ్చింది మనుషులు కాదు, పేర్లు. పాతికేళ్లు నేను చదివింది ఆ పేర్లనే. మీరు వెళితే ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. మీ దగ్గర జాబితా ఉంటే సంచిలోనే ఉంచి, ముందు పేరడగండి. ఆ పిల్ల పేరు నాకు గుర్తుంది, ఇక్కడ కూడా రాయను.