సంతకం పెట్టిన వారాలు

అప్పట్లో సూర్యాపేటలో మా పరిశోధన కేంద్రం అంటే బస్టాండు వెనక కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఎనభైల నడిమి సంవత్సరాలవి. ఆరోగ్యం, పోషకాహారం మీద పని చేయడానికి విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని తెరిచి ఏడాదైనా కాలేదు. ఉన్నది ముగ్గురం: మా మేడం, నేను, నా తోటి ఉద్యోగిని. చివ్వెంల చుట్టుపక్కల ఊళ్లకు బస్సులో పోయి, చిన్నపిల్లలను నెలనెలా తూచి, వాళ్లు ఏం తింటున్నారో రాసుకోవడం నా పని. బరువు మరీ తగ్గిన పిల్లలను వెంటనే దవాఖానకు పంపాలి.

స్ప్రింగు కాంటాను దూలానికి వేలాడదీసి, గుడ్డ జోలెలో పిల్లను కూర్చోబెట్టేవాళ్లం. వాడగా వాడగా స్ప్రింగు సాగుతుంది. అందుకని వారానికోసారి అయిదు కిలోల రాయి తగిలించి సరిచూడాలని, చూసినట్టు పుస్తకంలో సంతకం పెట్టాలని మేడం నియమం. పొద్దున మొదటి బస్సు తప్పిపోతుందని ఒక వారం చూడకుండానే సంతకం పెట్టాను. ఏమీ కాలేదు. తర్వాత అదే అలవాటైంది.

వానలు మొదలైన నెలలో ఒక ఊళ్లో కూలికి పోయే ఒకామె తన ఏడాదిన్నర కూతురిని తెచ్చింది. ముల్లు ఆగిన చోటు చూసి, పోయిన నెలకంటే పిల్ల కాస్త పెరిగిందని చెప్పాను. ఆమె సంతోషపడలేదు. పిల్లను సంకనేసుకుని అక్కడే నిలబడింది.

"పెరగలే చెల్లె. దినాం ఎత్తుకునేదాన్ని, నాకెరుక లేదా? పిల్ల తేలికైంది."

కాంటా తప్పు చూపదని అన్నాను. అన్నాక పిల్ల చేయి చూశాను. చర్మం ముడతలు పడి వేలాడుతోంది. ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో అయిదు కిలోల రాయి అడిగి తెచ్చి కొక్కేనికి తగిలించాను. ముల్లు అయిదు దాటిపోయి ఆరు దగ్గర ఆగింది. తీసి మళ్లీ తగిలించాను. మళ్లీ అక్కడే ఆగింది.

తప్పు నాదేనని, ఇప్పుడే దవాఖానకు పోదామని ఆమెతో చెప్పాను. ఆమె పిల్ల మీద కొంగు కప్పి నా వెంట నడిచింది. బస్సు ఎంతకీ రాలేదు. వచ్చాక దారిలో పిల్ల కళ్లు మూతలు పడుతుంటే తల్లి దాని అరికాళ్లు రుద్దుతూనే ఉంది. చేర్చుకున్న డాక్టరు ఇంత దాకా ఏం చేస్తున్నారని నన్నే అడిగాడు.

కేంద్రానికి తిరిగి వచ్చి నా తోటి ఉద్యోగినికి సంగతి చెప్పాను. కేంద్రాన్ని ఉంచాలా, మూసెయ్యాలా అని చూడటానికి విశ్వవిద్యాలయం నుంచి పెద్దలు నాలుగు రోజుల్లో రాబోతున్నారు. వాళ్లు వచ్చిపోయేదాకా నోరు మెదపొద్దని ఆమె నా చేతులు పట్టుకుని బతిమాలింది. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు. అయినా లేచి మేడం గదిలోకి పోయాను.

మేడం అంతా విన్నారు. ఎన్ని వారాల నుంచి చూడలేదని అడిగారు. రెండు నెలలన్నాను. నన్ను తీసెయ్యమని కూడా అన్నాను. ఆమె పుస్తకం తెరిచి నా సంతకాలు ఒక్కొక్కటే చూశారు.

"నిన్ను తీసేస్తే నీ తర్వాత పనిలో చేరేవాళ్లు తప్పు జరిగితే దాచుకుంటారు. ముందు పిల్లలందరినీ మళ్లీ తూచాలి. పద" అన్నారు.

మూడు రోజులు వానలో ఊరూరా తిరిగాం. బాగున్నారని నేను రాసిన పిల్లల్లో చాలామంది బాగాలేరు. వాళ్లను ఒక్కొక్కరినే దవాఖానకు చేర్చాం. ఒక ఇంటికి మాత్రం తాళం వేసి ఉంది. రైసుమిల్లు పనికి మిర్యాలగూడ పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. వాళ్లకు రెండేళ్ల ఆడపిల్ల ఉంది. నా పుస్తకంలో ఆ పిల్ల బరువు సరిగానే ఉంది.

పెద్దలు వచ్చి కూర్చోగానే మేడం మొదట ఆ తప్పే చెప్పారు. ఎవరి సంతకమని ఒకాయన అడిగాడు. లేచి నిలబడ్డాను. కావాలనే చేశావా అని అడిగితే, బద్ధకంతో చేశానని చెప్పాను. లోపలి గది తలుపు వేసుకుని వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపు మేం ముగ్గురం వరండాలో నిలబడ్డాం. చివరికి ఇంకో ఏడాది నడపమన్నారు. కాంటాను ఇద్దరి ఎదుట సరిచూడాలన్నారు. నన్ను ఆరు నెలలు పుస్తకం ముట్టుకోవద్దన్నారు.

దవాఖానలో మొదట చేర్చిన పిల్ల కోలుకుంది. మూడు వారాల తర్వాత తల్లి ఆమెను నడిపించుకుంటూ ఊరికి తీసుకుపోయింది.

తొంభైల మొదట్లో కోదాడలో మరో కేంద్రం వచ్చింది, రక్తపరీక్షలకు చిన్న ల్యాబుతో సహా. కోస్తా సరిహద్దు కావడంతో అక్కడి ఆడవాళ్లు "అండీ" అంటూ మాట్లాడేవాళ్లు, నా తెలంగాణ యాస విని నవ్వేవాళ్లు. తర్వాత మిర్యాలగూడలో తెరుస్తారని తెలియగానే నన్ను అక్కడికి వెయ్యమని అడిగాను. మిల్లుల చుట్టూ కూలీల గుడిసెలన్నీ తిరిగాను. ఆనాడు ఇంటికి తాళం వేసి పోయిన కుటుంబాన్ని ఒక ముసలామె మాత్రం గుర్తుపట్టింది.

"ఒక్క ఎండకాలం ఉన్నరు బిడ్డా. ఇగ ఎటు పోయిన్రో."

వాళ్ల ఆడపిల్ల గురించి అడిగాను. యాదికి లేదంది.