గుమ్మం దగ్గర ఎర్రమట్టి

పిల్లలూ, మీరు ఓడెక్కి వెళ్ళాక నేను గడప దగ్గర ఊడవకపోతే మీ పిన్ని నవ్వింది. నాకా అలవాటు మన దీవిలోనే, బ్రిజే వెర్దియేర్ ఊరి బడిలో మొదలైంది.

పెద్ద యుద్ధం నాటి మాట. చెరకు తోటలో పనిచేసే మా నాయన సైన్యంలో కూలీగా బస్రాకు బయలుదేరాడు. ఆ ఉదయం నన్ను బడి గుమ్మంలో దింపి, అట్నుంచి అటే ఓడరేవుకెళ్ళే రైలుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం గది ఊడ్చే వంతు నాది. మనిషి వెళ్ళిన చోట, చేరాడన్న కబురు వచ్చేదాకా ఊడవకూడదని అమ్మ చెప్పేది. నాయన వెళ్ళింది బడి నుంచే కదా. చీపురు ముట్టుకోలేదు నేను.

"వాళ్ళ నాయన తుపాకీ పట్టడు, మూటలు మోస్తాడు. అప్పుడే దీనికెంత గొప్పో" అని వెనక బెంచీ పిల్ల వెక్కిరించింది.

మా టీచరు మిస్ మనవాళ్ళు కాదు, క్రియోలు ఆవిడ. ఆడపిల్లలందర్నీ వాళ్ళ మాటలో తిఫి, అంటే చిట్టిపిల్లా, అని పిలిచేది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమైంది తిఫి, ఒంట్లో బాలేదా?"

"ఊడిస్తే నాయన దారి తప్పుతాడు మిస్."

ఆవిడ నవ్వలేదు. "అయితే ఆ గుమ్మం అలా ఉండనీ. మిగతాది నేను ఊడుస్తాలే" అంది. తర్వాత వెనక్కి తిరిగి, "మూటలు మోసేవాళ్ళు లేకపోతే తుపాకీవాళ్ళు ఏం తింటారు? నువ్వు వండి పంపుతావా?" అంది.

గుమ్మంలో ఎర్రమట్టి పేరుకుంది. మిస్ ఊళ్ళోకి వెళ్ళినప్పుడల్లా పోస్టాఫీసులో ఓడ గురించి అడిగొచ్చేది. ఒక ఉదయం నా పలక మీద చెయ్యి పెట్టి, "మీ నాయన వాళ్ళ ఓడ చేరిందట" అంది.

చీపురు తీసుకున్నాను. ఊడుస్తుంటే ఏడుపొచ్చింది. మట్టి పోయాక నాయన నిజంగా లేడనిపించింది.

"ఇంటికొచ్చే మనిషి కోసం మీవాళ్ళు ఏం చేస్తారు?" అనడిగింది మిస్.

"ముగ్గేస్తాం."

నా చేతిలో సుద్దముక్క పెట్టింది. అప్పట్నుంచి బడి ఉన్న ప్రతిరోజూ ఆ గుమ్మంలో ముగ్గేశాను.

నాయన తిరిగొచ్చాడు, బాగా చిక్కిపోయి. నాయన్ని మిస్‌కి చూపించాలనుకున్నాను. కానీ అప్పటికే ఆవిడని ఎక్కడో దూరాన ఉన్న ప్లేన్ మాన్యెన్ బడికి మార్చేశారు. ఆవిడ వెళ్ళిన రోజు కూడా నేను గుమ్మం ఊడవలేదు. చేరిందన్న కబురు ఎవరూ తేలేదు. కొత్త టీచరే ఊడ్చేసింది.

మీరు చేరారని నిన్న తెలిసింది. పొద్దున్నే ఊడ్చి, ముగ్గేశాను.